వియ్యంకుడు ఓడ దిగిన సాయంత్రం

మొన్న మా అక్క కొడుకు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. కర్మన్‌ఘాట్ గుడి వెనక సందులో ఎవరో కుర్రాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చిన్న మైకు పట్టుకుని, "ఇప్పటిదాకా ఎవరికీ తెలియని చోటు, మీ కోసం నేను కనిపెట్టాను" అని ఊగిపోతున్నాడు. వాడి వెనక ఒకావిడ మూకుట్లో మిరపకాయ బజ్జీలు తిప్పుతూ, ఎవడ్రా వీడు అన్నట్టు చూస్తోంది. ఆవిడ బండి చుట్టూ జనం నిలబడి కాగితం ముక్కల్లో బజ్జీలు తింటున్నారు. ఎవరికీ తెలియని చోట అంతమంది ఏం చేస్తున్నారో అన్న అనుమానం మాత్రం ఆ కుర్రాడికి రాలేదు.

నాకు నవ్వాగలేదు. నవ్వుతూ ఉండగానే నోట్లోంచి పాట కూడా వచ్చేసింది.

"ఏం పాట చిన్నమ్మా గది? పెండ్లి పాటనా?" అన్నాడు వాడు.

"పాట పెండ్లిదే. పాడింది మాత్రం సముద్రం దాటొచ్చిన ఒక దొర మీద. మా నాయనమ్మ కట్టింది" అన్నాను.

"దొర మీదనా? చెప్పు చెప్పు" అని కాసేపు విన్నాడు. ఇంతలో వాడి ఫోన్ మోగింది. మిగతాది మీకు చెబుతాను.

అప్పట్లో మా ఇల్లు చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్ వెళ్ళే దారిలో, కొత్తగా పుట్టుకొస్తున్న ఒక కాలనీలో ఉండేది. కాలనీ అనడమే గానీ సగం ప్లాట్లలో బండరాళ్ళు, సీతాఫలం చెట్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి, సామాను చంకన పెట్టుకుని నడిచి రావాల్సిందే. మా నాయన ఎల్బీనగర్ చౌరస్తా అవతల ఒక లారీ షెడ్డులో మెకానిక్కు. ఇంట్లోకి ముందు డీజిలు వాసన వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. మా వరుసలో అన్నీ నల్గొండ పల్లెల నుంచి బతకడానికి వచ్చిన ఇళ్ళు. ఎదురు వరుసలో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తులు. మధ్యన మట్టి రోడ్డు. పొద్దున్నే మా వైపు నుంచి జొన్నరొట్టె కాలే వాసన, వాళ్ళ వైపు నుంచి ఇంగువ పోపు వాసన వచ్చి రోడ్డు మధ్య కలుసుకునేవి. మనుషులు మాత్రం అంత తొందరగా కలవలేదు.

మా ఎదురింటి పిన్నిగారిది గుంటూరు. ఆవిడ "ఏంటండీ, ఎలా ఉన్నారండీ" అంటే మా నాయనమ్మ ఎదురుగా మర్యాదగా తలూపి, ఇంట్లోకి వచ్చాక "ఏంటండి, గీంటండి" అని వెక్కిరించేది. నాయనమ్మ "ఏందే, గిట్లొస్తివి" అని ఎవరినైనా పలకరిస్తే పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఈ ముచ్చట పిల్లలమైన మాకు బాగా పనికొచ్చింది. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ అభినయించి చూపిస్తే రెండిళ్ళలోనూ చేతిలో తినడానికి ఏదో ఒకటి పడేది. వాళ్ళ ఇంట్లో పులిహోర, మా ఇంట్లో సర్వపిండి.

మా అత్త, అంటే నాయన చెల్లెలు, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. చంపాపేటలో ఒక కిరాయి ఇంట్లో నడిచే చిన్న ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేసేది. నేనూ అక్కడే చదివేదాన్ని. అత్తకు పాఠం చెప్పడం అంటే ప్రాణం. ఉతికిన బట్టలు ఆరేస్తూ వాటికి కూడా మొఘలు చక్రవర్తుల వరుస చెప్పేది. ఇంగ్లీషులోనే చెప్పాలని బడిలో నియమం. తలుపు తీసి ఉన్నప్పుడు ఇంగ్లీషులో చెప్పి, మూశాక తెలుగులో మళ్ళీ చెప్పేది.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోయాక కరస్పాండెంటు సారు ఆమెను పిలిచాడు. వార్షికోత్సవానికి ఇంగ్లీషు నాటకం వేయించాలి, తల్లిదండ్రులు నోరు తెరుచుకుని చూడాలి, అది కుదిరితే ఉద్యోగం పర్మనెంటు, కుదరకపోతే ఆ ఏడాదితో సరి అన్నాడు. ఈ సంగతి తెలిసి మా నాయన ఇంకో ముడి వేశాడు.

"నౌకరి పక్కా అయితే నాకేం లేదు, చేసుకో. కాకుంటె ఊరి సంబంధం ఖాయం జేస్త. మల్ల నన్ను అడగొద్దు."

ఊరి సంబంధం అంటే ఎరువుల దుకాణం ఉన్నతను. మనిషి మంచివాడే. కానీ పెళ్ళయ్యాక పిల్ల బడులూ గిడులూ అని తిరగనక్కర్లేదని వాళ్ళు ముందే చెప్పారు. ఆ మాట విన్న రోజు అత్త అన్నం తినలేదు.

నాటకం ఏమిటంటే, మన దేశాన్ని కనుగొన్న దొర కథ. పేరెందుకు గానీ, బళ్ళో పుస్తకంలో టోపీతో, గడ్డంతో, కడుపునొప్పి ఉన్నవాడిలా నిలబడి ఉంటాడే, ఆయనే. పిన్నిగారబ్బాయి నా క్లాసే, వాడు కెప్టెన్. మేం నలుగురం ఆడపిల్లలం ఒడ్డున బంతిపూల దండలతో నిలబడి "వెల్కమ్, ఓ గ్రేట్ కెప్టెన్" అనాలి. వాళ్ళ ఇంట్లో కొత్త టీవీ వచ్చిన అట్టపెట్టె ఓడ. మా అమ్మ పాత రెయిన్‌కోటు కత్తిరించి కోటు కుట్టింది. టోపీలోకి ఈక కోసం మూలింటి వాళ్ళ కోడిపుంజును వెంబడించి తోకలోంచి పీకాం. అది కాలనీ అంతా తిరుగుతూ మా మీద ఫిర్యాదు చేసింది.

రిహార్సలు మా వాకిట్లో జరిగేది. అది సీతాఫలాల కాలం. నాయనమ్మ గంపలో గడ్డి పరిచి కాయలు మాగబెట్టేది. ఆ తీపి వాసనకు మాకు సగం మాటలు మర్చిపోయేవి. ఒకరోజు ఆమె మెత్తబడ్డ కాయలు ఏరుతూ మా నాటకం చూసింది.

"ఏమంటున్నడే వాడు?" అంది అత్తతో.

"మన దేశాన్ని కనుక్కున్న అంటున్నడమ్మా."

"అయ్యో, మన దేశం యాడ తప్పిపోయింది?"

"తప్పిపోలే. వాళ్ళకు దారి తెల్వదు. ఎతుక్కుంట వచ్చిండు."

"ఒక్కడే ఎతుక్కుంట వచ్చిండా?"

"లేదు. ఆఫ్రికా ఒడ్డున సముద్రం దారి తెలిసినాయన దొరికితె, ఆయన ఓడల కూసోని దారి చూపిచ్చుకుంట తోలుకొచ్చిండు."

"అంటె చెయివట్టి తీస్కొస్తె వచ్చిండు. వచ్చి, కనుక్కున్న అంటుండు. గట్టు మీద నిలవడి చూసినోళ్ళం మనం. వాన్ని మనం కనుక్కున్నట్టు గాదా?"

మేం నాటకం ఆపి వింటున్నాం. అత్త ముఖంలో నవ్వు మొదలైంది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

"రాజు కాడికి ఉత్త చేతులతోని పోయిండా మరి?" అంది నాయనమ్మ.

అత్త గ్రంథాలయంలో ఒక లావు పుస్తకం తిరగేసి ఉంది. మా పాఠంలో లేనిది ఆమెకు తెలుసు. "గీతల బట్టలు, టోపీలు, పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్ళాలు. ఇంక చక్కెర, నూనె, తేనె. రాజు మనుషులు చూసి నవ్విన్రట."

నాయనమ్మ చేతిలో కాయ గంపలో పడింది. "చేతులు కడిగె పళ్ళాలా! రాజుకా! చెరుకు పండె దేశానికి చక్కెరనా! ఓయమ్మో, మగపెండ్లోళ్ళు గింత సారె తెస్తె మా ఊర్ల నిలవడనిస్తమా?"

ఇక్కడ మా పెళ్ళిళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మగపెళ్ళివారు వాకిట్లోకి రాగానే ఆడపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు పాటెత్తుకునేవారు. వియ్యంకుడి బట్టతల, వియ్యపురాలి వడ్డాణం, వాళ్ళు తెచ్చిన సారె, దేన్నీ వదిలేవారు కాదు. అవతలివాళ్ళు పాటతోనే బదులివ్వాలి. పాటకు కోపం తెచ్చుకున్నవాళ్ళు ఓడిపోయినట్టు లెక్క. అది మర్యాదలో భాగం, పాట పాడకపోతేనే చుట్టాలను పట్టించుకోలేదని అలిగేవారు.

నాయనమ్మ చేతులు తుడుచుకుని, చప్పట్లు కొట్టి అందుకుంది.

"పిలువని పేరంటం వచ్చినావయ్యా వియ్యంకుడా
దారెవరు చూపిన్రు నడిసముద్రంల వియ్యంకుడా
చెయివట్టి తోలుకొస్తె చేరినావయ్యా వియ్యంకుడా
చేరినూరిని నువ్వె కంటినంటివా వియ్యంకుడా
చెరుకు పండె దేశాన చక్కెర సారెనా వియ్యంకుడా
రాజు చేతులు కడుగ వచ్చినావా వియ్యంకుడా"

మేం పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే గేటు దగ్గర అలికిడైంది. పిన్నిగారు. కొడుకు కోసం వచ్చి అంతా విన్నట్టుంది. నాయనమ్మ పాట ఆపేసింది. పిన్నిగారు కొంగు నడుముకి దోపింది.

"అదేంటండీ మామ్మగారూ, మగపెళ్ళివారి తరఫున ఎవరూ లేరని ఇంత మాటంటారా? మా వైపు పెళ్ళిళ్ళలో ఊరుకోం" అని గేటు పట్టుకునే మొదలెట్టింది.

"మావాడు మొనగాడు, మాటనకండమ్మా వదినగారూ
మీ ఇంటి గుమ్మాన్ని తానె కనిపెట్టాడు వదినగారూ
మీరున్న సంగతి మీకేమి తెలుసమ్మా వదినగారూ
మావాడు చెప్పాకె మీకు తెలిసిందమ్మా వదినగారూ"

నాయనమ్మ ఎంత గట్టిగా నవ్విందంటే కళ్ళ నీళ్ళొచ్చాయి. గంపలో అన్నిటికంటే పెద్ద సీతాఫలం తీసి ఆవిడ చేతిలో పెట్టి, "రా ఒదినె, లోపలికి రా" అంది. వయసులో కూతురులాంటి మనిషిని ఒదినె అని పిలవడం ఆ రోజుతో మొదలైంది.

ఇక రోజూ అదే పని. రిహార్సలు అయ్యాక వాళ్ళిద్దరూ మా అరుగు మీద కూర్చుని కొత్త చరణాలు కట్టేవారు. మేమూ ఒకటి కట్టాం, మన దేశం కోసం బయల్దేరి ఇంకెక్కడో తేలిన ఆ ఇంకో నావికుడి మీద.

"ఇంకొకడు మనకొరకె బైలెల్లి వచ్చిండు వియ్యంకుడా
దిల్‌సుఖ్‌నగర్ బస్సని వేరేది ఎక్కిండు వియ్యంకుడా
దిగినూరికె మనూరి పేరు పెట్టిండు వియ్యంకుడా"

అత్త మాత్రం వేలు చూపించి బెదిరించేది. "పాట వాకిట్లనే. స్టేజీ మీద ఒక్క తెలుగు ముక్క వినవడ్డా నా నౌకరి పోతది. యాదికుంచుకోన్రి." మాకు యాదికి ఉంది. ఎవరం ఒక్క మాట కూడా జారకూడదని ఒట్లు వేసుకున్నాం. ఒట్టు వేయించాల్సిన మనిషిని మర్చిపోయాం.

వార్షికోత్సవం బడి వెనక ఖాళీ ప్లాటులో. షామియానా, ముందు వరుసలో సోఫాలు, వెనక కుర్చీలు. రెండు వరుసల ఇళ్ళ ఆడవాళ్ళూ పట్టుచీరల్లో వచ్చి, పెళ్ళిలో లాగే ఎవరి పక్షం వాళ్ళు అటూ ఇటూ కూర్చున్నారు. సోఫాలో కరస్పాండెంటు సారు, పక్కన ముఖ్య అతిథి, ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి. తెర వెనక మేం రాజుగారికి ఇవ్వాల్సిన పళ్ళెంలో చక్కెర మొత్తం నాకేశాం.

ఓడ వచ్చింది. చప్పట్లు. కెప్టెన్ దిగాడు. మైదా జిగురుతో అతికించిన గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది. వాడు చెయ్యెత్తాడు.

"ఐ... ఐ హావ్..."

అంతే. వాడు మిగతాది మర్చిపోయాడు. తెర పక్క నుంచి అత్త పెదాలు కదిలిస్తోంది, వాడు అటు చూడటం లేదు. వాడు అనకపోతే మేం వెల్కమ్ అనకూడదు. అందరం బిగుసుకుపోయాం.

అప్పుడు ఆడవాళ్ళ వరుసలోంచి చప్పట్లు, ఆ వెనకే పాట.

"పిలువని పేరంటం వచ్చినావయ్యా వియ్యంకుడా..."

నాయనమ్మ లేచి నిలబడి పాడుతోంది. తర్వాత అడిగితే ఆమె చెప్పిన జవాబు ఇదీ: "పెండ్లోడు వాకిట్ల నిలవడ్డడు. ఆడపిల్లోళ్ళు మూగోళ్ళ లెక్క నిలవడ్డరు. పాటెత్తకుంటె ఎవరి పరువు పోతది? మనదే గద!" ఆమె దృష్టిలో నాటకం ఆగలేదు. నాటకంలో తన వంతు వచ్చింది.

మా వరుస ఆడవాళ్ళందరికీ ఆ వరస పుట్టుకతో తెలుసు. ఒక్క చరణం వినగానే పల్లవి అందుకున్నారు. చక్కెర సారె దగ్గరికి వచ్చేసరికి కెప్టెన్‌కి ఏమనిపించిందో, ఖాళీ పళ్ళెం బోర్లించి అందరికీ చూపించాడు. జనం ఈలలు. ఇటు పిన్నిగారు లేచి "మావాడు మొనగాడు" అని బదులెత్తుకుంది. ఆ వైపు ఆడవాళ్ళు గొంతు కలిపారు. మేం ఒట్లు గట్టున పెట్టి దండలు ఊపుతూ దిల్‌సుఖ్‌నగర్ చరణం పాడేశాం. ముఖ్య అతిథి రుమాలుతో కళ్ళొత్తుకుంటూ నవ్వి, పక్కన కరస్పాండెంటు ముఖం చూసి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సారు స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు. "స్టాప్ ఇట్! దిస్ ఈజ్ యాన్ ఇంగ్లీష్ మీడియం స్కూల్!"

"కోపమొచ్చింది! ఓడిన్రు!" అని మా వైపు నుంచి ఎవరో అరిచారు. రెండు పక్షాలూ ఒక్కటై నవ్వాయి.

సోమవారం అసెంబ్లీలో సారు అత్తను ముందుకు పిలిచాడు. ఆయన్ను పూర్తిగా తప్పుపట్టను, తల్లిదండ్రులు ఇంగ్లీషు మీడియం అన్న బోర్డు చూసే పిల్లలను పంపేవారు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ పాట తప్పని, అలాంటిది ఇక జరగదని పిల్లల ముందు చెబితే ఉద్యోగం ఉంటుందన్నాడు.

అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకొచ్చింది. "ఆ రోజు ఇంగ్లీషు ఆగిపోయింది. పిల్లలకు సరిగ్గ నేర్పలేదు, గది నా తప్పు. దానికి సారీ. పాటల మాత్రం తప్పు లేదు. ఉంటె ఏ లైను తప్పో చెప్పున్రి సార్. గీడనే చేతులు జోడిస్త."

సారు ఆఫీసు గది వైపు వేలు చూపించి, లెక్క తేల్చుకుని వెళ్ళమన్నాడు. అత్త తన గొడుగు, టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆమె మా అత్త అని పక్కనున్న ప్రతి పిల్లకీ చెప్పాలనిపించింది, చెప్పాను కూడా.

సాయంత్రం నాయన వచ్చేసరికి అత్త గిన్నెలు తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"అయిపోయింది గద. రేపు ఊరికి కబురు పంపుత" అన్నాడు నాయన.

"పాటెత్తింది నేను. పంపితె నన్ను పంపు ఊరికి" అంది నాయనమ్మ.

అప్పుడు గుమ్మం దగ్గర పిన్నిగారి గొంతు వినిపించింది. "మగపెళ్ళివారం వచ్చామండీ, లోపలికి రమ్మంటారా?" పక్కన కొడుకు, వాడి చేతిలో పుస్తకాల సంచి.

"అన్నయ్యగారూ, మావాడికి సోషల్ మీ చెల్లెలుగారే చెప్పాలండీ. బళ్ళో లేకపోతే ఇక్కడే చెప్పమనండి. వీడు పుస్తకం మూసేసి మాకు పాఠం చెబుతున్నాడు. ఎప్పుడూ ఎరగం."

"ఇంటి మీద చెప్తె చదువైతదామ్మా?" అన్నాడు నాయన.

"దిల్‌సుఖ్‌నగర్ కోచింగులన్నీ ఇళ్ళ మీదే కదండీ మొదలైంది!"

నాయన అటూ ఇటూ చూశాడు. వచ్చినావిడ ముందు కాదనలేక, "సరే, ఒక నెల చూస్త. గంతే" అన్నాడు.

మర్నాటి నుంచి మా మేడ మీద చాప పడింది. మొదట పిన్నిగారబ్బాయి, నేను. వారం తిరక్కుండా రెండు వరుసల పిల్లలూ. పాఠం మొదలుపెట్టేముందు అత్త ఒకటే చెప్పేది. "పరీక్షల పుస్తకంల ఉన్నట్టే రాయిన్రి. మార్కులు వాళ్ళ చేతుల ఉన్నయి. ఏం జరిగిందో మాత్రం మీ తలకాయలల్ల ఉండాలె." నేను అలాగే రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు ఆ బండరాళ్ళు లేవు, సీతాఫలం చెట్లు లేవు. ఆ మట్టి రోడ్డు దాటాలంటే కార్ల మధ్య చెయ్యి అడ్డం పెట్టుకుని దాటాలి. ఎల్బీనగర్ దారిలో ఫంక్షన్ హాళ్ళు బారులు తీరాయి. పెళ్ళికి వెళితే డీజే మోతలో పక్కవాళ్ళ మాట కూడా వినపడదు. వియ్యంకుడి బట్టతల మీద పాట కడితే ఇప్పుడు పెళ్ళే ఆగిపోతుందేమో. నాయనమ్మ పోయింది, పిన్నిగారూ పోయింది. ఎగతాళి చేసి, చేయించుకుని, ఆ తర్వాత ఒకే బంతిలో కూర్చుని తినగలిగిన మనుషులు వాళ్ళు. వాళ్ళ మధ్య పెరిగినందుకు నాకు గొప్పగానే ఉంటుంది.

నాయన ఇచ్చిన నెల గడువు ముగిసే రోజుల్లో ఒక సాయంత్రం ఆయన మేడ మీదికి వచ్చాడు. పాఠం ఆపించడానికి వచ్చాడేమో అనుకున్నాం. ఏమీ అనకుండా అందరికంటే వెనక, నీళ్ళ ట్యాంకు పక్కన చతికిలబడ్డాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. అత్త రాజు మనుషులు కానుకలు చూసి నవ్విన సంగతి మొదటి నుంచీ చెప్పింది. పాఠం అయ్యాక, "ఎవరన్న ఏమన్న అడుగుతరా?" అంది.

వెనక నాయన చెయ్యెత్తాడు. నాలుగో తరగతిలో బడి మానేసిన మనిషి, ఆ గ్రీజు చెయ్యి అలా ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. మాలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. అత్త నవ్వలేదు.

"అడుగు అన్నా" అంది.

"గంతమంది నవ్విన్రు గద టీచరమ్మా. నవ్వినంక గూడ దేశం వాళ్ళ చేతులకు ఎట్ల పోయింది?"

అత్త కళ్ళు తుడుచుకుంది. "గది పెద్ద పాఠం అన్నా. ఒక్కరోజుల కాదు. రేపు రా" అంది.

కిందికి దిగాక, ఊరి సంబంధం వాళ్ళకు ఏం చెప్పాలని నాయనమ్మ అడిగింది. "ఒద్దని చెప్పు" అన్నాడు నాయన. మర్నాడు షెడ్డు నుంచి పొద్దుండగానే వచ్చేశాడు. సబ్బు పెట్టి చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, మా అందరికంటే ముందు మేడెక్కి చాప మీద కూర్చున్నాడు.